పేరు రాయని తెల్ల డబ్బా

నేను డాక్టర్ని కాను, నర్సునూ కాను. నరసరావుపేటలో బస్టాండుకు దగ్గరగా ఉన్న ఒక మందుల షాపులో ఇరవై ఆరేళ్లు, ఆ తర్వాత ఒక చిన్న ఆసుపత్రి ఫార్మసీలో తొమ్మిదేళ్లు కౌంటరు వెనక నిలబడ్డాను. ఫార్మసీ డిప్లొమా చదివి, రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకున్నదాన్ని. నా పేరు సామ్రాజ్యం. పోయిన ఏడాది మోకాళ్లు ఇక మావల్ల కాదన్నాయి. మానేశాను.

మా మేనకోడలి కూతురు ఈ మధ్యే ఫార్మసీ కోర్సులో చేరింది. "షాపులో పనంటే ఏముంది అమ్మమ్మా, చీటీ చూసి ఇవ్వడమేగా" అంది. నాకు కోపం వచ్చింది. నాకు కోపం తేలిగ్గా వస్తుంది, షాపులో అందరికీ తెలుసు. కానీ ఆ పూట వచ్చిన కోపం ఆ పిల్ల మీద కాదని తర్వాత అర్థమైంది. చీటీ చూసి ఇవ్వడమే పని అయితే నేను చేసిన పెద్ద తప్పు జరిగేదే కాదు. అది చీటీ లేకుండా జరిగింది. దాని గురించి ఆ పిల్లకూ, ఆ పిల్లలాగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

చీటీ లేని జనం

డాక్టరు చీటీ పట్టుకుని వచ్చేవాళ్లను చూసి ఈ పని నేర్చుకోలేం. చీటీ లేకుండా వచ్చేవాళ్లే మనకు పని నేర్పుతారు. మాత్రల రేకులోంచి కత్తిరించిన ముక్క ఒకటి తెస్తారు, దాని మీద మందు పేరు సగమే ఉంటుంది. ఫోన్లో మసకగా ఉన్న ఫోటో చూపిస్తారు. "ఎర్రది, పొడుగ్గా ఉంటది, పోయినసారి మీరే ఇచ్చారు" అంటారు. ఇవ్వకపోతే పక్క షాపుకు పోతారు. ఆ భయంతోనే మనం సగం తప్పులు చేస్తాం.

మా షాపు చుట్టూ హాస్టళ్లు ఉండేవి. కారంపూడి, ఈపూరు, గురజాల వైపు పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. డిగ్రీ, ఇంజనీరింగ్, పీజీ, అన్ని రకాలూ. జ్వరానికి నేరుగా వచ్చి అడిగేవాళ్లు. ముఖం మీద మొటిమలకు మాత్రం అలా కాదు. కౌంటరు దగ్గర జనం తగ్గేదాకా రోడ్డు అవతల నిలబడేవాళ్లు. మగపిల్లలైతే ఫ్రిజ్ వైపు చూస్తూ అడిగేవాళ్లు. ఆడపిల్లలు నా దగ్గరికే వచ్చేవాళ్లు, ఆ వీధిలో కౌంటరు వెనక ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. "ఫ్రెండ్‌కి కావాలి ఆంటీ" అనేవాళ్లు. ఆ ఫ్రెండు ఎవరో వాళ్ల గడ్డం మీదే కనిపించేది. నేను తెలియనట్టే ఉండేదాన్ని.

ఒకసారి ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు ఒక చెంప బొబ్బలెక్కి వచ్చాడు. పన్నునొప్పికి సీనియర్ వాడగా మిగిలిన క్యాప్సూల్స్ విప్పి, ఆ పొడి టూత్‌పేస్టులో కలిపి పట్టించుకుని పడుకున్నాడట.

"ఎవరు చెప్పార్రా నీకు?" అన్నాను.

"ఫోన్లో వీడియో చూశానండి."

"టూత్‌పేస్టు కూడా వాడే చెప్పాడా?"

"లేదండి. అది నా ఐడియా."

నవ్వు ఆపుకుని చర్మ డాక్టరు దగ్గరకు వెళ్లమని అడ్రసు రాసిచ్చాను. వారం తర్వాత కనపడితే అడిగాను. వెళ్లలేదన్నాడు. "డాక్టరు కాడికి పోవాలంటే ఇంట్లో చెప్పాలి గదండీ. మొటిమలకి డాక్టరేందిరా అని మా నాయన నవ్వుతాడు" అన్నాడు. వాడు వెళ్లాక చాలాసేపు నాకు వాడి మాటే గుర్తొచ్చింది. నాకు కూడా నవ్వొచ్చింది కదా అనిపించింది. పిల్లలు సొంత వైద్యం చేసుకునేది తెలివి తక్కువై కాదు, అడిగితే ఎవరో ఒకరు నవ్వుతారని. ఇరవై ఏళ్ల వయసులో రోజుకు పదిసార్లు అద్దంలో చూసుకునే ముఖం అది. దాని మీద పుండు లేస్తే వాళ్లకు అది చిన్న విషయం కాదు. ఈ పనిలో కొత్తగా చేరేవాళ్లు ముందు నవ్వడం మానుకోవాలి.

కోటయ్య గారు

మా ఓనరు పేరు కోటయ్య గారు. ఆయన గురించి చెడు ఒక్కటే రాస్తే అది అబద్ధం అవుతుంది.

నేను చేరిన రెండో సంవత్సరంలో ఈపూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు బీపీ మాత్రలకు బదులు షుగరు మాత్రలు ఇచ్చాను. రెండు పేర్లూ దగ్గరగా ఉంటాయి, డాక్టరు రాత అసలే అర్థం కాదు. పెద్దాయన వెళ్లిన పావుగంటకు అలమర సర్దుతుంటే నా తప్పు తెలిసింది. కోటయ్య గారికి చెప్పాను. ఆయన సరైన మాత్రలు తీసుకుని కౌంటరు దాటి స్కూటరెక్కారు. వినుకొండ రోడ్డులో బస్సుకు అడ్డం పెట్టి ఆపారట. లోపలికెక్కి పెద్దాయన సంచిలోంచి ఆ పొట్లం తీసుకుని, సరైన మందు ఇచ్చి, అందరి ముందూ దణ్ణం పెట్టి వచ్చారు.

తిరిగొచ్చాక నన్ను తిడతారని చూశాను. "తప్పు ఎవురికైనా జరుగుద్ది సామ్రాజ్యమ్మా. దాని ఎనకమాల ఉరకనోడే దొంగ" అన్నారు. ఆ రోజు నుంచీ ఆయన మీద నాకు గౌరవం. డాక్టర్ల రాత చదవడం, అనుమానం వస్తే డాక్టరుకు ఫోన్ చేసి అడగడం, లేనివాళ్లు చీటీ మడిచి వెనక్కి తిరిగితే పిలిచి మందివ్వడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తెల్ల డబ్బా కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కల్వంలో కలిపింది

ఆలోచన ఆయనది, చేతులు నావి. మధ్యాహ్నం జనం పలచబడ్డాక వెనక గదిలో మందులు నూరే కల్వం ముందు కూర్చునేదాన్ని. క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ట్యూబు ఒకటి, మొటిమలకు వాడే యాంటీబయాటిక్ ఒకటి, రంగు తేలడానికి హైడ్రోక్వినోన్, మిగతాది మామూలు తెల్ల క్రీము. అన్నీ కలిపి నూరి, బొటనవేలంత ఎత్తున్న ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి మూతలు బిగించేదాన్ని. డబ్బా మీద ఏమీ రాసేవాళ్లం కాదు. అది మా షాపు పద్ధతి. పేరు రాస్తే ఆ పేరు చెప్పి ఎక్కడైనా కొనుక్కుంటారు, రాయకపోతే మళ్లీ మన దగ్గరికే రావాలి. ఆ వీధిలో ఇంకో రెండు షాపులు కూడా ఇలాంటి డబ్బాలే అమ్మేవి. ఎవరి కలుపు వాళ్లది.

క్లోబెటసాల్ ఎంత బలమైనదో నాకు తెలుసు. అరికాళ్ల మీదా మోచేతుల మీదా మొద్దుబారిన చర్మానికి, అదీ కొద్దిరోజులకు, డాక్టరు రాయాల్సిన మందు అది. ముఖానికి పనికిరాదని డిప్లొమాలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కొంచెమే కదా కలుపుతున్నాం అని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంచెం కాదు.

అమ్మకం బాగా ఉండేది, ఎందుకంటే అది పని చేసేది. రెండు వారాల్లో మొటిమలు అణిగిపోయేవి, ముఖం నునుపెక్కేది, రంగు కాస్త తేలేది. ఒక అమ్మాయి వాడితే హాస్టల్ గదిలో నలుగురూ వచ్చేవాళ్లు. "ఆంటీ, తెల్ల డబ్బా" అంటే చాలు. వాళ్లు నన్ను మెచ్చుకుంటుంటే నాకు సంతోషంగా ఉండేది. ఆ సంతోషం దాచుకోకుండా ఒప్పుకోవాలి.

తర్వాత ఏమవుతుందో వాళ్లు నాకు చెప్పేవాళ్లు కాదు. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, కింద రక్తనాళాలు ఎర్రగా పైకి కనిపిస్తాయి, సన్నటి వెంట్రుకలు వస్తాయి. ఒక పూట మానితే ముఖం మండి, మునుపటికంటే ఎక్కువ గుల్లలు లేస్తాయి. మళ్లీ పూస్తే అణుగుతాయి. మానలేరు. వాళ్లు మళ్లీ మళ్లీ రావడం చూసి మందు బాగా పనిచేస్తోందని అనుకున్నాను. మానలేక వస్తున్నారని అనుకోలేదు, అనుకోవడం ఇష్టం లేక.

నస్రీన్

నస్రీన్ కారంపూడి అమ్మాయి. వాళ్ల నాన్న కరీముల్లా ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేది. వాళ్లింట్లో డిగ్రీ దాటింది తనొక్కతే. మొదటిసారి డబ్బా తీసుకున్నప్పుడు మూత తీసి వాసన చూసింది.

"ఇందులో ఏమేం కలుపుతారు ఆంటీ?"

"నీకెందుకమ్మా?"

"ఊరికే. నాది కెమిస్ట్రీ గదా."

"చెబితే నువ్వే షాపు పెట్టుకుంటావు" అని నవ్వాను. తనూ నవ్వేసి వెళ్లింది.

నాలుగైదు నెలల తర్వాత మళ్లీ అడిగింది. ఈసారి నవ్వుతూ అడగలేదు. "ల్యాబ్‌లో వాటర్‌బాత్ ఆవిరి కాడ నిలబడితే మొకం మండిపోతంది ఆంటీ. ఒక్క పూట రాయకపోతే గుల్లలు లేస్తన్నయ్. ఇందులో ఏముందో చెప్తే నేను చదువుకుంటా" అంది.

"ఎండలమ్మా. మన పల్నాడు ఎండలకి ఎవరికి మండదు? మానకుండా రాసుకో" అన్నాను.

ఇరవై ఆరేళ్లలో ఆ షాపులో నేను ఎన్ని మాటలు మాట్లాడానో నాకు గుర్తులేదు. మానకుండా రాసుకో అన్న మాట మాత్రం నాకు నిద్రలో కూడా గుర్తే. ఏ మందునైతే వెంటనే డాక్టరుకు చూపించి తగ్గించుకోవాలో, దాన్ని మానొద్దని నేనే చెప్పాను.

ఇక్కడ ఎండాకాలంలో ఆడపిల్లలందరూ కళ్లు మాత్రమే కనిపించేలా ముఖానికి చున్నీ చుట్టుకునే బయటికొస్తారు. నస్రీన్ కూడా అలాగే వచ్చేది. అందుకని ఆ తర్వాత మూడు నెలలు తన ముఖం నేను చూడలేదు. ఎమ్మెస్సీ మొదటి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలు ఇంకో పది పన్నెండు రోజులున్నాయనగా ఒక ఉదయం వచ్చి, కౌంటరు దగ్గర ఎవరూ లేనిది చూసి చున్నీ విప్పింది. చెంపలు కాలినట్టు ఎర్రగా ఉన్నాయి. సన్నటి ఎర్ర గీతలు ముక్కు పక్కల నుంచి చెవుల దాకా పాకాయి. నోటి చుట్టూ చీము పొక్కులు.

చర్మ డాక్టరమ్మకు చూపించుకున్నానని చెప్పి ఒక చీటీ ఇచ్చింది. ఈ డబ్బాలో ఉన్న మందుల పేర్లు, ఎంతెంత కలిపారో రాసి పంపమని డాక్టరమ్మ అందులో రాసింది. "స్టెరాయిడ్ అని చూస్తేనే తెలుస్తందంట ఆంటీ. ఏదో, ఎంత బలమైందో తెలిస్తే మెల్లగా తగ్గిస్తదంట. పేర్లు తీసుకుని రెండు రోజుల్లో రమ్మంది. ప్రాక్టికల్స్ నాటికి ల్యాబ్‌లో నిలబడేట్టు చేస్తానంది" అంది.

కోటయ్య గారు తన కుర్చీలోంచే చీటీ అందుకుని చదివారు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. ఆయన నోరు తెరవలేదు. తెరిచింది నేను.

"ఇది మా షాపుది కాదేమోనమ్మా. ఇట్టాంటి డబ్బాలు చానా చోట్ల దొరుకుతయ్" అన్నాను.

"మీ చేత్తో మీరే ఇచ్చారు గదా ఆంటీ."

"రోజూ చానామంది వస్తారు. నాకు గుర్తులేదు."

ఆ అమ్మాయి కోటయ్య గారి వైపు చెయ్యి చాచింది. చీటీ వెనక్కి తీసుకుంది, చున్నీ చుట్టుకుంది, వెళ్లిపోయింది.

కరీముల్లా

పదకొండు రోజులు నేనేమీ చేయలేదు. వెళ్లి చెప్పొచ్చు, హాస్టల్ రెండు వీధుల అవతలే. ప్రతి ఉదయం ఇవాళ వెళ్తాను అనుకునేదాన్ని. మధ్యాహ్నం కల్వం ముందు కూర్చునేదాన్ని.

పన్నెండో రోజు నడివయసు మనిషి ఒకాయన వచ్చాడు. గోళ్లలో గ్రీజు నలుపు, చొక్కా మాత్రం ఉతికి ఇస్త్రీ చేసింది. నస్రీన్ వాళ్ల నాన్నని అని చెప్పాడు.

"పాప ఎట్టుందండీ?" అన్నాను.

"కళ్లు తెరవలేకపోతందమ్మా. మొకమంతా వాచి నీళ్లు కారతన్నయ్. మీరు మీది కాదన్నాక, ఏదో దొంగ మందు పూసుకున్నా అని భయపడి ఒక్కసారే మానేసింది. ఇంటికొచ్చేసింది. పేర్లు లేకుండా డాక్టరమ్మ కాడికి ఏ మొకంతో పోను అంటంది. నిన్నటి నుంచి ప్రాక్టికల్స్. పోలేదు."

ఆయన గొంతు పెంచలేదు. జేబులోంచి డాక్టరమ్మ చీటీ, తెల్ల డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు. కౌంటరు దగ్గర ఇంకా ఒకరిద్దరు నిలబడి ఉన్నారు.

"నేను ఇంజన్లు చేసేవాణ్ని అమ్మా. మా షెడ్డులో గ్రీజు డబ్బా మీద గూడా పేరుంటది. ఏ గ్రేడో రాసుంటది. రాయకపోతే మేం ఇంజన్లో పొయ్యం, పాడైపోద్దని. ఇది ఆడబిడ్డ మొకానికి పూసేది గదా. దీని పేరేది?"

కోటయ్య గారు లేచి, "సామ్రాజ్యమ్మా, ఒకసారి లోపలికి రా" అన్నారు.

వెనక గదిలో ఆయన నన్ను బెదిరించలేదు, బతిమాలారు. "రాసిచ్చినావంటే అది కాగితం. రేపు ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంటది. షాపు మూతపడుద్ది. నీ నంబరు గూడా పోద్ది. ఈ వయసులో యాడికి పోతావు?"

"ఈపూరు పెద్దాయన కోసం బస్సు ఆపారు గదండీ మీరు" అన్నాను.

ఆయన అలమర వైపు తిరిగారు. "అది పొరపాటున జరిగింది. ఇది తెలిసి చేశాం. తెలిసి చేసింది ఒప్పుకుంటే ఎవురు వదులుతారు సామ్రాజ్యమ్మా" అన్నారు.

ఆయన చెప్పింది నిజం. అంతకంటే నిజమైన మాట ఆయన నోట నేను వినలేదు. మనం పొరపాటు వెనక పరుగెత్తుతాం, తెలిసి చేసినదాన్ని దాచుకుంటాం. నేను బయటికొచ్చి కరీముల్లా గారిని అడిగి ఆ చీటీ తీసుకుని, దాని వెనక మూడు మందుల పేర్లు, వాటి బలం, ఎంతెంత కలిపానో, ఎనిమిది నెలలుగా ఇస్తున్నానని రాసి సంతకం చేశాను. తెల్లకోటు విప్పి మడిచి కౌంటరు మీద పెట్టాను. ఆయనతో కలిసి కారంపూడి బస్సెక్కాను. నా టికెట్ కూడా నన్ను తీసుకోనివ్వలేదు.

వాళ్లింట్లో నస్రీన్ వంటింటికి దూరంగా, లోపలి గదిలో కిటికీకి దుప్పటి కట్టుకుని కూర్చుని ఉంది. వెలుతురు తగిలినా మండుతోందట. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని, తప్పు నాదేనని, అబద్ధం చెప్పానని, క్షమించమని అడిగాను. ఏడుపు వచ్చింది. నా ఏడుపు చూసి వాళ్లమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చింది. అవి తాగడానికి నాకు సిగ్గేసింది.

నస్రీన్ వాచిన పెదాలతో కష్టం మీద మాట్లాడింది. "మీ సారీ నాకెందుకు ఆంటీ. మా హాస్టల్లో ఇంకా రాసుకుంటన్నారు. వాళ్లకి వచ్చి చెప్తారా?"

చెప్తానన్నాను. తను నమ్మినట్టు లేదు.

డాక్టరమ్మ చెప్పింది

మర్నాడు ఉదయం ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ చీటీ వెనక నా రాత చదివి, "ఇది పన్నెండు రోజుల కిందట వచ్చి ఉంటే మెల్లగా దించేవాళ్లం. ఈ వాపు వచ్చేది కాదు, పరీక్ష పోయేది కాదు. ఫార్మసిస్టు అయ్యుండి..." అని ఆపేసింది. ఆ తర్వాత నా వైపు మళ్లీ చూడలేదు.

వాపు కొన్ని వారాల్లో తగ్గింది. చర్మం కుదురుకోవడానికి ఏడాది పైనే పట్టింది. చెంపల మీద ఎర్ర గీతలు కొన్ని అలాగే ఉండిపోయాయి. ప్రాక్టికల్స్ పోవడంతో ఆ ఏడాది పోయింది, మళ్లీ రాసి పాసైంది. డాక్టరమ్మ మందుల తనిఖీ అధికారులకు రాస్తే షాపులో తనిఖీ జరిగింది, కొన్నాళ్లు మూశారు. నన్నూ పిలిచారు. ఉన్నదున్నట్టు చెప్పాను. హెచ్చరించి వదిలేశారు. ఆ అమ్మాయికి ఒక సంవత్సరం పోయింది, నాకు ఏమీ పోలేదు. అది న్యాయమని నాకు ఇప్పటికీ అనిపించదు.

కోటయ్య గారితో మళ్లీ మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు మాత్రం వెళ్లాను. బస్సు ఆపిన మనిషీ, డబ్బా మీద పేరు రాయొద్దన్న మనిషీ ఒక్కరే. ఇన్నేళ్లలో ఆ రెంటినీ వేరు చేయడం నాకు చేతకాలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు మంచి ఓనరు దొరికితే అదృష్టమే, కానీ ఓనరు మంచివాడు కదా అని కళ్లు మూసుకోవద్దు. షాపు గోడ మీద ఉండే ఫార్మసిస్టు సర్టిఫికెట్ మీ పేరుతో, ఆయన పేరుతో కాదు. ఎవరైనా ఇందులో ఏముంది అని అడిగితే అది మీ మీద అనుమానం కాదు. ఆ మాటకు జవాబు చెప్పలేని మందును కౌంటరు దాటనివ్వొద్దు.

హాస్టల్ మెస్సులో

నస్రీన్‌కు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి నాకు నెల పట్టింది. భయం వల్లే ఆలస్యం చేశాను. ఒక ఆదివారం ఉదయం టిఫిన్లు అయ్యాక వార్డెన్‌ను అడిగి హాస్టల్ మెస్సులో నిలబడ్డాను. బల్లల చుట్టూ ముప్పై మంది దాకా ఆడపిల్లలు కూర్చున్నారు. చాలామంది నాకు తెలిసిన ముఖాలే. కారంపూడి నుంచి వచ్చిన నస్రీన్ చున్నీ చుట్టుకుని తలుపు పక్కన కూర్చుంది.

డబ్బాలో ఏముందో చెప్పాను. అది ముఖాన్ని ఏం చేస్తుందో చెప్పాను. కలిపింది నేనేనని చెప్పాను. 

"కానీ బాగా పనిచేస్తంది గదా ఆంటీ" అంది ఒకమ్మాయి.

"పనిచేస్తది. అందుకే ఇంతమంది చిక్కుకున్నారు" అన్నాను.

ముందు బల్ల దగ్గర కూర్చున్న ఇంకో అమ్మాయి తలెత్తింది. ఫైనలియర్ పిల్ల, నా దగ్గర వారానికోసారి కనిపించేది. "ఫేర్‌వెల్ అయ్యేదాకా వాడి మానేస్తా. ఇంకా పద్దెనిమిది రోజులేగా. అందరం ఫోటోలు దిగాలి" అంది. ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలూపారు. నేను చెప్పాల్సిందంతా అప్పటికే చెప్పేశాను.

నస్రీన్ లేచి వచ్చింది. ఆ అమ్మాయి ఎదురుగా బల్ల మీద కూర్చుని చున్నీ విప్పింది. అప్పటికి వాపు తగ్గింది కానీ చెంపలు ఇంకా పొరలు లేచి, గీతలు పడి ఉన్నాయి. ఇంట్లోవాళ్లకూ డాక్టరమ్మకూ నాకూ తప్ప ఆ ముఖం తను ఎవరికీ చూపించలేదు.

"నేను ఫ్రెషర్స్ డే దాకానే అనుకున్నా అక్కా" అంది.

ఆ అమ్మాయి నస్రీన్ ముఖాన్ని చూస్తూ తన చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

డబ్బాలు పారేయమని చెప్పడానికి కూడా వీల్లేదు. ఎక్కువ రోజులు వాడినవాళ్లు ఒక్కసారిగా మానితే నస్రీన్‌కు జరిగిందే జరుగుతుంది. నేను ముందే వెళ్లి అడిగితే మంగళవారం అందర్నీ పంపమని డాక్టరమ్మ చెప్పింది, ఒక్కొక్కరికీ ఎలా తగ్గించాలో ఆవిడే చూస్తానంది. వెళ్లేటప్పుడు డబ్బా చేతిలో ఉండాలి, అందులో ఏముందో దాని మీద రాసి ఉండాలి. ఆ మాటే పిల్లలకు చెప్పాను. నా సంచిలో దెబ్బలకు అంటించే తెల్ల ప్లాస్టరు చుట్ట, పెన్ను ఉన్నాయి. పెన్ను తీసి ప్లాస్టరు మొదటి ముక్క చింపాను. నస్రీన్ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది.

పిల్లలు గదుల్లోకి వెళ్లి ఒక్కొక్కరే డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఫైనలియర్ అమ్మాయి అందరికంటే ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. నేను మందుల పేర్లు, వాటి బలం చెప్తుంటే నస్రీన్ ప్లాస్టరు ముక్కల మీద పొందికైన అక్షరాలతో రాసి డబ్బాలకు అంటిస్తూ పోయింది. అన్ని పేర్లూ అయ్యాక పెన్ను ఎత్తి నన్ను చూసింది.

"ఇచ్చినవాళ్ల పేరు గూడా ఉండాలి గదా ఆంటీ. రాయనా?"

"రాయి. కింద నా రిజిస్ట్రేషన్ నంబరు కూడా వెయ్యి" అన్నాను.

నంబరు అడిగింది. చెప్పాను. అన్ని డబ్బాల మీదా రాసింది.